ఢిల్లీ కనకాంబరం ఎందుకు కాయ కాయదు? మొగ్గలోని క్రోమోసోమ్‌లను మీ కళ్లతో చూసే పద్ధతి

తిరుపతిలో సాయంత్రం వేళ పూలబుట్ట ముందు ఐదు నిమిషాలు నిలబడి, కనకాంబరాలు కట్టే చేతులను గమనించండి. దారానికి అటొకటి ఇటొకటిగా పూలను ఎదురెదురుగా ఉంచి ముడి వేస్తారు. కాడలు దారం మీద కలుస్తాయి, రేకులు బయటికి తిరుగుతాయి. మూర పొడవునా అదే వరస. మొగ్గలో పుప్పొడి తయారయ్యే ముందు క్రోమోసోమ్‌లు కూడా దాదాపు ఇలాగే జతజతగా వరస కడతాయి. ఆ వరస తప్పితే ఏమవుతుందో ఢిల్లీ కనకాంబరం చూపిస్తుంది.

కనకాంబరం పెంచేవారికి ఇది తెలిసిన విషయమే. నాటు కనకాంబరం వెన్ను ఎండాక దాని మీద నీళ్లు పడితే కాయలు చిటచిటా పగిలి విత్తనాలు దూరంగా ఎగిరిపడతాయి. ఢిల్లీ కనకాంబరం ఏడాదిలో ఎక్కువ కాలం విరగబూసినా కాయ పట్టదు. అందుకే దాన్ని కొమ్మ ముక్కలతోనే పెంచుతారు. కనకాంబరానికి క్రోమోసోమ్‌ల మూలసంఖ్య 10. విత్తనం పట్టే రకాల్లో ఈ పది రెండు సెట్లుగానో నాలుగు సెట్లుగానో ఉంటుంది, అంటే 20 లేదా 40. ఢిల్లీ రకంలో మూడు సెట్లు, మొత్తం 30. వృక్షశాస్త్రంలో దీన్ని త్రయస్థితికం అంటారు. పాఠ్యపుస్తకంలో ఇది ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. కానీ డిగ్రీ కళాశాలలో ఉండే మామూలు సూక్ష్మదర్శినితో దీన్ని స్వయంగా చూడవచ్చు. చూసినవారు మరచిపోరు. అందుకే ఈ పనిని అడుగడుగునా వివరిస్తున్నాను.

మొదట పుప్పొడితో మొదలుపెట్టండి

చాలామంది నేరుగా క్రోమోసోమ్‌ల వెంటపడి, నాలుగు రోజులు ఏమీ కనబడక వదిలేస్తారు. పదిహేను నిమిషాల్లో ఫలితం చూపే పని ఒకటుంది, దానితో మొదలుపెట్టండి.

విత్తనం పట్టే కనకాంబరం నుంచి ఒకటి, ఢిల్లీ రకం నుంచి ఒకటి, ఆ ఉదయమే విచ్చుకున్న పూలు తీసుకోండి. ఏది ఏ రకమో అనుమానం ఉంటే పాత వెన్నులను తడిమి చూడండి. ఎండిన పుచ్ఛాల (పూల అడుగున ఉండే చిన్న ఆకుల) మధ్య గట్టి కాయలు తగిలితే అది విత్తన రకం. రెండు పూలకూ వేర్వేరు గాజు పలకలు పెట్టుకోండి. ఎసిటోకార్మిన్ (కణాలకు పట్టే ఎర్ర రంగు, తయారీ కింద చెబుతాను), గ్లిజరిన్ సమపాళ్లలో కలిపిన చుక్కలో పరాగకోశాన్ని, అంటే పుప్పొడి సంచిని, సూదితో నొక్కి పుప్పొడిని రాల్చండి. కవర్‌స్లిప్ వేసి పది నిమిషాలు ఆగి చూడండి. లోపల జీవపదార్థం నిండిన రేణువు ఎర్రగా, బిగువుగా ఉంటుంది. ఖాళీ రేణువు పాలిపోయి, ముడుచుకుని, ఊక గింజలా కనిపిస్తుంది. ఒక్కో పువ్వుకు కనీసం 500 రేణువులు లెక్కపెట్టి, రెండు రకాలనూ పక్కపక్కన రాసుకోండి. ఢిల్లీ రకంలో ఊక ఎంత ఎక్కువో చూశాక, దానికి కారణం వెతకాలన్న పట్టుదల దానంతట అదే వస్తుంది.

మొగ్గలు కోయడం

కారణం దొరికేది విచ్చిన పువ్వులో కాదు, ఇంకా బయటికి తొంగిచూడని మొగ్గలో. పుప్పొడి ఏర్పడక ముందు పరాగకోశంలో పరాగ మాతృకణాలు ఉంటాయి. అవి క్షయకరణ విభజన (క్రోమోసోమ్‌ల సంఖ్య సగానికి తగ్గే విభజన) పొంది, ఒక్కొక్కటి నాలుగు కణాలవుతుంది. ఆ విభజన జరిగే వ్యవధి చాలా తక్కువ. ఒక రోజు ముందు కోస్తే విభజన మొదలై ఉండదు, ఒక రోజు ఆలస్యమైతే పుప్పొడే కనిపిస్తుంది. ఈ పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది. మిగిలినదంతా చేతి అలవాటు.

ఇందులో కనకాంబరం మనకు ఒక మేలు చేస్తుంది. వెన్నులో పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి. కాబట్టి ఒకే వెన్నులో కింద విచ్చిన పువ్వు, పైన లేత మొగ్గ, మధ్యలో అన్ని వయసుల మొగ్గలూ క్రమంగా దొరుకుతాయి. విచ్చిన పువ్వుల వరస నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ ఒక్కో వరస మొగ్గలను వేర్వేరు సీసాల్లో వేయండి. ప్రతి సీసా మీద వరస సంఖ్య రాయండి. ఒకసారి సరైన వరస తెలిస్తే ఆ తర్వాత ఆ మొక్కలో వెతుకులాట ఉండదు. తేలికైన గుర్తు ఒకటి చెబుతాను. మొగ్గ చీల్చినప్పుడు పరాగకోశం నీటి బిందువులా పారదర్శకంగానో, కొంచెం పాలతెలుపుగానో ఉంటే ఆశ ఉంది. పసుపు తిరిగితే సమయం దాటిపోయినట్టే.

కాలం కూడా ముఖ్యమే. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల ఎండకు క్రోమోసోమ్‌లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా కనిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, కార్తీకం నుంచి మాఘం వరకు మంచి కాలం. పొద్దెక్కక ముందు మొదలుపెట్టి అరగంటకొకసారి కొన్ని మొగ్గలు కోసి, ప్రతిసారీ సమయం రాసుకోండి. విభజన జోరుగా సాగే గంట మొక్కను బట్టి, ఊరిని బట్టి మారుతుంది. మీ తోటలో ఆ గంట ఏదో మీరే కనుక్కోవాలి.

కోసిన మొగ్గను చేతిలో పట్టుకుని ప్రయోగశాల దాకా నడవకండి. కణాలను ఉన్న దశలోనే నిలిపే స్థిరీకరణ ద్రావణాన్ని మొక్క దగ్గరికే తీసుకెళ్లండి. మూడు పాళ్లు ఇథనాల్, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపితే చాలు. దాన్ని అప్పటికప్పుడే కలుపుకోవాలి, నిన్నటిది పనికిరాదు. మొగ్గల పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రావణం ఉండాలి. ఆమ్లం ఘాటు ముక్కుకు, కళ్లకు మంచిది కాదు కాబట్టి గాలి ఆడే చోటే కలపండి, చేతికి తగలనివ్వకండి. 24 గంటల తర్వాత మొగ్గలను 70 శాతం ఇథనాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు నిల్వ ఉంటాయి. శుద్ధమైన ఇథనాల్ అనుమతి లేకుండా అమ్మరు, కళాశాల ప్రయోగశాల నుంచే అడిగి తీసుకోండి.

రంగు తయారీ

గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 45 మిల్లీలీటర్లు, స్వేదనజలం 55 మిల్లీలీటర్లు, కార్మిన్ పొడి 1 గ్రాము. మెల్లగా మరిగించి, చల్లార్చి, వడగట్టి, ముదురు రంగు సీసాలో పోయండి. కార్మిన్ అంటే నాగజెముడు జాతి మొక్కల మీద బతికే ఒక చిన్న పురుగు నుంచి తీసే ఎరుపు.

ఆ ఎరుపు క్రోమోసోమ్‌లకు బాగా పట్టాలంటే చిటికెడు ఇనుము కావాలి. చుక్కలో మొగ్గను చీల్చడానికి కొంచెం తుప్పు పట్టిన ఉక్కు సూది వాడితే సరిపోతుంది. చుక్క ఎరుపు నుంచి వంగపండు రంగుకు తిరిగిన క్షణంలో సూది తీసేయండి. ఇంకా ఉంచితే నల్లబడి మొత్తం పాడవుతుంది. ఇనుము కలిపిన ఎసిటోకార్మిన్‌తో పరాగ మాతృకణాలను నలిపి క్రోమోసోమ్‌లు లెక్కపెట్టే పద్ధతిని 1920ల్లో వాడుకలోకి తెచ్చినవాడు కణశాస్త్రవేత్త జాన్ బెల్లింగ్. ఆయన జన్యుశాస్త్రవేత్త బ్లేక్‌స్లీతో కలిసి పనిచేసిన మొక్క మన రోడ్ల పక్కన పెరిగే ఉమ్మెత్త జాతిదే.

ముందు ఉమ్మెత్త మీద చేయి కుదుర్చుకోండి

కనకాంబరం క్రోమోసోమ్‌లు చిన్నవి. మొదటిరోజే వాటితో తలపడకండి. ఉమ్మెత్తలో 24 క్రోమోసోమ్‌లు, అంటే 12 జతలు. మొగ్గ పెద్దది, ఐదు పరాగకోశాలూ పొడవుగా చేతికి చక్కగా దొరుకుతాయి. వినాయక చవితి పత్రిలో దత్తూరమని పూజించే మొక్కే ఇది, ఏ ఖాళీ స్థలంలోనైనా ఉంటుంది. మొక్క అంతా విషం కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేతులతో కళ్లు నులుముకోకండి. గన్నేరు, నందివర్ధనంలో 11 జతలే ఉంటాయి కానీ పాలు కారడం మొదటిసారి చేసేవారికి చికాకు. మందారం వద్దే వద్దు. దాని క్రోమోసోమ్‌ల సంఖ్య పెద్దది, పైగా రకరకానికీ మారుతుంది.

ఉమ్మెత్తలో రక్షకపత్రాల గొట్టం లోపలే ఇంకా పూర్తిగా దాగి ఉన్న లేత మొగ్గలు కావాలి. ఒక పరాగకోశాన్ని గాజు పలక మీద పెట్టి, చిన్న చుక్క రంగు వేయండి. బ్లేడుతో అడ్డంగా కోయండి. సూది పక్కభాగంతో ఒక చివర నుంచి కోసిన వైపుకు మెల్లగా ఒత్తుకుంటూ రండి, గొట్టంలోంచి ముద్ద తీసినట్టు. మబ్బులాంటి పదార్థం చుక్కలోకి వస్తుంది. మనకు కావలసింది అదే. మిగిలిన తొక్కను, పీచును ప్రతి తునకా ఏరి తీసేయండి. ఈ ఏరివేతలో బద్ధకించకండి. ఒక్క తునక ఉన్నా కవర్‌స్లిప్ ఒకవైపు ఎత్తుగా నిలిచి, కణాలు పలచబడవు.

రెండు మూడు నిమిషాలు రంగు పట్టనిచ్చి కవర్‌స్లిప్ వేయండి. పలకను స్పిరిట్ దీపం మంట మీదుగా మూడు నాలుగుసార్లు అటూఇటూ తిప్పండి. ముంజేతి వెనక భాగానికి తాకిస్తే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. మరిగి బుడగలు వచ్చాయంటే ఆ పలకను వదులుకోవాల్సిందే. వేడికి కణద్రవ్యంలో రంగు తేలిపోయి క్రోమోసోమ్‌లలో మాత్రం నిలుస్తుంది. తర్వాత అద్దుడు కాగితం మడత మధ్య పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కండి. వేలు పక్కకు జరగకూడదు. రవ్వంత జరిగినా కణాలు చుట్టుకుని దారపు పోగుల్లా అయిపోతాయి.

ఏమి కనిపిస్తుంది

పది రెట్ల కటకంతో మొదలుపెట్టి, పెద్దగా, గుండ్రంగా, ఒకే తీరులో ఉన్న కణాల గుంపు వెతకండి. అవే పరాగ మాతృకణాలు. వాటి పక్కన ఒక్కో దాంట్లో రెండు, అంతకన్నా ఎక్కువ కేంద్రకాలున్న కణాలు కూడా కనిపిస్తాయి. అవి పరాగకోశపు లోపలి పొర టపీటమ్‌వి. పెరిగే పుప్పొడికి పోషణ అందించడం వాటి పని. నేను పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు వాటినే విభజన అనుకుని శ్రద్ధగా బొమ్మలు గీశారు. గుంపుగా ఒకే దశలో ఉన్నవే మనకు కావలసినవని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు రాదు.

ఇప్పుడు 40 రెట్ల కటకానికి మారండి. కేంద్రకం నిండా నూలు చిక్కులాంటి పోగులు కనిపిస్తే ప్రథమ దశ మొదట్లో ఉన్నారు. ఆ పోగుల్లో సమజాత (ఒకే రకానికి చెందిన) క్రోమోసోమ్‌లు పక్కపక్కన చేరి, ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అందంగా ఉన్నా ఆ దశలో లెక్కపెట్టడం సాధ్యం కాదు. లెక్కకు అనువైనది డయాకైనసిస్. జతలు బాగా కుదించుకుని, కేంద్రకం అంచుల వైపు విడివిడిగా చెదిరి, ఇంకా కేంద్రకాంశం (కేంద్రకంలోని గుండ్రని చుక్క) కనిపిస్తూ ఉండే దశ అది. ఒక్కో జత ఉంగరంలానో, కత్తెరలానో, చిన్న కర్రలానో ఉంటుంది. రెండూ పట్టుకుని ఉన్న చోట్లు కయాస్మాలు. ఫోకస్ చక్రాన్ని పైకి కిందికి తిప్పుతూ కాగితం మీద ఒక్కొక్కటే గీసి లెక్కపెట్టండి. ఒకే కణం చూసి సంఖ్య రాయకండి, పది కణాల్లో 12 జతలు వస్తే అప్పుడు నమ్మండి.

మధ్యస్థ దశను పక్క నుంచి చూస్తే పూలమాల గుర్తుకొస్తుంది. జతలన్నీ ఒకే గీత మీదికి వచ్చి, ఒక్కో జతలో ఒకటి పై ధ్రువం వైపు, ఇంకొకటి కింది ధ్రువం వైపు తిరిగి ఉంటాయి. చలన దశలో ముడి వీడి 12 ఒకవైపు, 12 మరొకవైపు వెళతాయి. ఆ తర్వాత మధ్యలో గోడ ఏర్పడకపోతే మీ పలకలో లోపం ఉందనుకోకండి. ఉమ్మెత్తలో రెండో విభజన కూడా పూర్తయ్యాకే గోడలు ఒక్కసారిగా ఏర్పడతాయి. చివరికి నాలుగు కణాల చతుష్కం. సాధారణంగా మూడే కనిపిస్తాయి, నాలుగోది వెనక దాగి ఉంటుంది. ఫోకస్ మారిస్తే అది పైకి తేలుతుంది.

ఇప్పుడు ఢిల్లీ కనకాంబరం

పనంతా అదే, కానీ చుక్క మరింత చిన్నది. ఒక్కో మొగ్గలో నాలుగు కేసరాలు, పరాగకోశాలు ఆవగింజంత కూడా ఉండవు కాబట్టి నాలుగింటినీ కలిపి ఒకే పలక మీద వేయండి. 100 రెట్ల నూనె కటకం ఉంటే దాని అవసరం ఇక్కడే.

డయాకైనసిస్‌లో ఉమ్మెత్తలో చూసిన పొందిక కనబడదు. కొన్నిచోట్ల మూడు క్రోమోసోమ్‌లు గొలుసులా పట్టుకుని ఉంటాయి. కొన్నిచోట్ల రెండు జతకట్టి, మూడోది ఒంటరిగా మిగులుతుంది. కణానికీ కణానికీ ఈ లెక్క మారుతుంది. అందువల్ల ప్రతి కణంలో మూడేసి గొలుసులు ఎన్ని, జతలు ఎన్ని, ఒంటరివి ఎన్ని అని మూడు గడుల్లో రాయండి. గొలుసుల సంఖ్యను మూడుతో, జతల సంఖ్యను రెండుతో గుణించి ఒంటరివి కలిపితే 30 రావాలి. రాకపోతే ఏదో ఒకదాని మీద ఇంకొకటి పడి దాగి ఉంది, మళ్లీ చూడండి.

చలన దశ కోసం ఓపికగా వెతకండి. రెండు గుంపులు ధ్రువాలకు చేరిపోతుంటే మధ్యలో ఒకటో రెండో మూడో క్రోమోసోమ్‌లు ఎటూ పోలేక నిలిచిపోతాయి. చంద్రగిరి దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన విద్యార్థిని దీన్ని మొదటిసారి చూసి చాలాసేపు కటకం నుంచి కన్ను తీయలేదు. వాళ్ల ఇంట్లో కనకాంబరం తోట ఉంది. "మా అవ్వ ఈ మొక్కకు దిష్టి తగిలిందనేది సార్, అమ్మేమో నేల మంచిది కాదనేది. ఇదా కారణం?" అంది. ఆ అమ్మాయి ఆ రోజు గీసిన బొమ్మను ఇప్పటికీ నా దగ్గర దాచుకున్నాను.

అలా మధ్యలో నిలిచినవి ఏమవుతాయో చతుష్కాల్లో చూడవచ్చు. పెద్ద కేంద్రకం పక్కన ఆవాలంత చుక్కలు కనిపిస్తే అవి సూక్ష్మకేంద్రకాలు, దారి తప్పిన క్రోమోసోమ్‌లు మూటకట్టుకున్నవి. వాటిలోని జన్యుపదార్థం చాలావరకు పోయినట్టే.

ఒక్కటి కూడా మధ్యలో చిక్కుకోలేదనే అనుకుందాం. అప్పుడైనా మంచి పుప్పొడి వస్తుందా? పది రకాల క్రోమోసోమ్‌లు, ఒక్కో రకం మూడు. ప్రతి మూడింటిలో ఒకటి ఒక ధ్రువానికి, ఇంకొకటి ఎదుటి ధ్రువానికి పోతాయి. మూడోది ఎటు పోవాలో చెప్పేవారు లేరు. సగానికి చీల్చిన చింతపిక్క బద్దలు పది తీసుకుని, గవ్వలాటలోలా ఒకేసారి విసిరి చూడండి. పదీ తెల్లగానో, పదీ నల్లగానో పడితేనే పుప్పొడి కణానికి లోటూ మిగులూ లేని పూర్తి సెట్లు, అంటే 10 లేదా 20 అందినట్టు. అలా పడే అవకాశం 512 సార్లలో ఒకసారి. మిగిలిన 511 సార్లు కొన్ని రకాలు ఒక్కటి, కొన్ని రెండు చొప్పున కలగాపులగంగా చేరతాయి. అలాంటి కణం నిండైన రేణువుగా ఎదగడం కష్టం. అండంలోనూ ఇదే జరుగుతుంది. మీరు మొదటి రోజు లెక్కపెట్టిన ఊక రేణువులకు మూలం ఇదే. కాయ పట్టకపోవడానికీ ఇదే మూలం.

గుండుమల్లెలో కూడా మామూలు 26 క్రోమోసోమ్‌ల మొక్కలతో పాటు 39 ఉన్నవి కనిపించాయి. రోడ్ల పక్కన పెరిగే లంటానాలో మూలసంఖ్య 11కు రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లు కూడా ఉన్నాయి. కనకాంబరం తర్వాత వీటి మీదికి వెళ్లండి. పూల పొదల క్రోమోసోమ్‌లను చదవడం కోసమే సంవత్సరాలు వెచ్చించిన మన దేశపు శాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ (1897–1984). కోయంబత్తూరులో చెరకు మీద పనిచేసి, తర్వాత ఇంగ్లండులోని విస్లీ తోటలో మాగ్నోలియాల క్రోమోసోమ్‌లను పరిశీలించారు. ఈ పని చేసే ఆడపిల్లలకు ఆమె పేరు తప్పకుండా చెప్పండి.

పలకల నిల్వ, వేరు కొనలు

మంచి కణం దొరికిన పలక అంచులకు గోళ్ల రంగు పూసి ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఆగుతుంది. ఆ లోపే బొమ్మ గీయండి, ఫోను కెమెరాను కంటి కటకానికి ఆనించి ఫొటో తీయండి. పలక మీద మొక్క రకం, ఊరు, తేదీ, కోసిన సమయం, మొగ్గ వరస రాయండి. ఇవి లేని పలక ఎంత బాగున్నా రెండోసారి పనికిరాదు.

మొగ్గలు తీసుకున్న ఢిల్లీ కొమ్మను పారేయకండి. రెండు మూడు కణుపులున్న ముక్కలుగా కోసి తడి ఇసుకలో గుచ్చండి. వేళ్లు తెల్లగా పొడుచుకొచ్చాక ఉదయాన్నే ఒక సెంటీమీటరు కొనలు కత్తిరించి, మంచునీళ్లలో వేసి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చలికి కండె పరికరం (క్రోమోసోమ్‌లను ధ్రువాలకు లాగే పోగుల అమరిక) పనిచేయక, క్రోమోసోమ్‌లు కుదించుకుని విడివిడిగా నిలుస్తాయి. ఈ పనికి కొల్చిసిన్ కూడా వాడతారు. అది విషం, విద్యార్థుల చేతికి ఇవ్వకండి, మంచునీళ్లే మేలు. తర్వాత అదే ద్రావణంలో స్థిరీకరించి, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఎనిమిది నుంచి పది నిమిషాలు మెత్తబరచి, కడిగి, రంగు వేసి నలపండి. ఇక్కడ జరిగేది సమవిభజన కాబట్టి జతలు, గొలుసులు ఉండవు. 30 క్రోమోసోమ్‌లూ విడివిడిగా కనిపిస్తాయి. ప్రతిదీ సగానికి చీలి, రెండు పిల్లకణాలకూ ముప్పై ముప్పై సమంగా అందుతాయి. మొగ్గలో తడబడిన మొక్కే వేరులో ఒక్క తప్పు లేకుండా పంచుతుంది. కొమ్మ నాటితే ఢిల్లీ కనకాంబరం చక్కగా బతకడానికి కారణం అదే. వేళ్లు మిగిలిన ముక్కలను కుండీలో నాటుకోండి, వచ్చే ఏడాది మొగ్గలకు మళ్లీ పనికొస్తాయి.